క్రోమ్ రిమ్ములపై తుప్పు చుక్కలు: ఆయుధపూజలోపు చక్రాలకు మెరుగు పెట్టడం ఎలా?

కృష్ణాతీరం (విజయవాడ)
సెప్టెంబరు 19, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1986లో కొన్న బుల్లెట్ 350 రెండేళ్లుగా నా దగ్గర ఉంది. ఈ వానాకాలంలో పని ఒత్తిడి వల్ల దాన్ని రేకుల షెడ్డులోనే వదిలేశాను. మొన్న ఆదివారం పట్టా తీసి చూస్తే మనసు చివుక్కుమంది. రెండు చక్రాలకూ క్రోమ్ పోత వేసిన ఉక్కు రిమ్ములే ఉన్నాయి. స్పోకులు రిమ్ములోకి దిగే చోట, ప్రతి నిప్పిల్ (స్పోకు కొసను రిమ్ముకు బిగించే చిన్న మర) చుట్టూ ఆవగింజంత గోధుమరంగు చుక్కలు లేచాయి, వేలితో తడిమితే గరుకుగా తగులుతున్నాయి. వెనక చక్రం ఎడమవైపు చైన్ నుంచి చిందిన నూనెకు దుమ్ము పట్టి తారులా గట్టిపడింది. చక్రాల మధ్యలో ఉండే అల్యూమినియం హబ్బుల మీద సున్నం చల్లినట్టు తెల్లని పొడి కూడా కనిపిస్తోంది.

ఆయుధపూజ నాటికి చక్రాలను మళ్లీ మెరిసేలా చేయాలని నా కోరిక. మా అమ్మ ఇత్తడి బిందెలు తోమినట్టే చింతపండూ ఉప్పూ వేసి తోమమంటోంది. పక్కింటి పెద్దాయన బూడిద, కొబ్బరి పీచు చాలన్నారు. వీధి చివర వాటర్ సర్వీసింగ్ కుర్రాడు యాసిడ్ పోస్తే ఐదు నిమిషాల్లో అద్దంలా అవుతుందని చెప్పాడు. ఏదో ఒకటి చేసి చేతులు కాల్చుకునే ముందు, అనుభవం ఉన్నవారిని అడిగి ముందుకు వెళ్దామని ఇక్కడ రాస్తున్నాను.

నలభైచువ్వలు (రాజమహేంద్రవరం)
సెప్టెంబరు 19, రాత్రి 10:25

కృష్ణాతీరం గారూ, ముందుగా ఒక్క మాట: యాసిడ్ జోలికి వెళ్లకండి. నేను 22 ఏళ్లుగా బుల్లెట్ల చక్రాలు విప్పి, స్పోకులు కట్టి, రిమ్ముల బెండు తీసే పనిలోనే ఉన్నాను. యాసిడ్ పోసిన రిమ్ములు ఆ తర్వాత ఎలా తయారవుతాయో నా చేతులతో చూశాను.

పాలీషు డబ్బా మూత తీయడానికి ముందే సగం పని అయిపోవాలి. దుమ్ము, ఇసుక రేణువులు ఉండగానే గుడ్డ పెట్టి రుద్దితే ఆ ఇసుకే ఎమరీ పేపరులా పనిచేసి మెరుపును తినేస్తుంది. అందుకే బండిని సెంటర్ స్టాండు మీద నీడలో నిలిపి, చక్రం పూర్తిగా చల్లారాక, ధారగా నీళ్లు పోసి మట్టిని నానబెట్టండి. చైన్ నూనె గట్టిపడిన చోట కిరసనాయిలు కానీ డీజిల్ కానీ గుడ్డకు అద్దుకొని తుడవండి. నేరుగా చక్రం మీద మాత్రం పోయకండి. మీ బండికి రెండు వైపులా డ్రమ్ము బ్రేకులే కాబట్టి, నూనె లోపలికి దిగితే బ్రేకు లైనింగు తడిసి పట్టు పోతుంది. తర్వాత బకెట్టు నీళ్లలో తేలికపాటి షాంపూ కలిపి, మెత్తని స్పాంజితో రిమ్మును, పాత పళ్ల బ్రష్షుతో నిప్పిళ్ల చుట్టూ కడగండి.

స్పోకులకు వేరే పద్ధతి ఉంది. పాత బనియను గుడ్డను రెండు వేళ్ల వెడల్పున పొడుగ్గా చించి, ఒక స్పోకు చుట్టూ ఒక మెలిక వేసి, రెండు కొసలూ పట్టుకొని మజ్జిగ చిలికినట్టు ఇటూ అటూ లాగండి. ఒక్కో చక్రానికి నలభై స్పోకులు ఉంటాయి కాబట్టి ఓపిక కావాలి. కానీ స్పోకు వెనక వైపు కూడా ఒకే ఊపులో శుభ్రపడేది ఈ పద్ధతిలోనే.

అలా లాగుతున్నప్పుడే ప్రతి స్పోకునూ చిన్న స్పానరుతో తట్టి వినండి. బిగువుగా ఉన్న స్పోకు ఖంగుమని పలుకుతుంది, వదులైనది మొద్దుగా టప్పుమంటుంది. నా దగ్గరకు వచ్చే బళ్లలో వదులు స్పోకులు ఎక్కువగా బయటపడేది ఇలా చక్రం కడిగేటప్పుడే.

గేరుపెట్టె (వరంగల్)
సెప్టెంబరు 20, ఉదయం 7:15

యాసిడ్ విషయంలో నా అనుభవం కూడా చెప్పాలి. మూడేళ్ల క్రితం నా పాత ఆర్‌ఎక్స్ 100ను ఊరి బయట ఒక వాటర్ సర్వీసింగ్ షాపులో ఇచ్చాను. అక్కడ నన్ను అడగకుండానే ఏదో ద్రవం రిమ్ముల మీద చల్లి పది నిమిషాలు వదిలేశారు. ఆ సాయంత్రం చక్రాలు కొత్తవాటిలా మెరిస్తే ఎంతో సంతోషించాను. మూడో వారానికల్లా రిమ్ము మొత్తం మసకబారి, ఎక్కడ ద్రవం ఎక్కువసేపు నిలిచిందో అక్కడ అరచేయంత మేర ఎర్రటి తుప్పు పొర లేచింది. స్పోకుల మీది జింకు పోత నల్లబడిపోయింది. ఆ రిమ్ముకు మళ్లీ ఆ మెరుపు రాలేదు. డబ్బు పోయిన బాధ కన్నా, కంపెనీ నుంచి వచ్చిన అసలు రిమ్ము పాడైపోయిందన్న బాధే నాకు ఇప్పటికీ ఉంది. దయచేసి ఆ కుర్రాడి మాట వినకండి.

నికెల్‌తొట్టి (హైదరాబాద్, బాలానగర్)
సెప్టెంబరు 20, మధ్యాహ్నం 1:50

గేరుపెట్టె గారి బండికి అలా ఎందుకు జరిగిందో చెప్పగలను. ఎలక్ట్రోప్లేటింగ్ షాపులో 16 ఏళ్లు పనిచేశాను.

మన కళ్లకు కనిపించే మెరుపు అంతా క్రోమ్‌దే అనుకుంటాం కానీ, అలంకరణ కోసం వేసే క్రోమ్ పొర మైక్రాన్‌లో సగానికి మించదు, చాలాసార్లు అంత కూడా ఉండదు. మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే ఆ పొర ఎంత పలచనో ఊహించండి. దాని కింద పది నుంచి ముప్ఫై మైక్రాన్ల దాకా నికెల్ పొర ఉంటుంది. ఉక్కును నీటి నుంచి అసలు కాపాడేది ఆ నికెలే. క్రోమ్ చేసే పని నికెల్ మసకబారకుండా, గీతలు పడకుండా చూడటం. క్రోమ్ పొరలో కంటికి కనిపించని సన్నని పగుళ్లు, రంధ్రాలు సహజంగానే ఉంటాయి. నికెల్ పలచబడిన చోట, ముఖ్యంగా స్పోకు రంధ్రాల అంచుల్లో, తేమ వాటి గుండా ఉక్కు దాకా చేరుతుంది. కృష్ణాతీరం గారు నిప్పిళ్ల చుట్టూ చూసిన ఆవగింజంత చుక్కలు అక్కడ పుట్టినవే. అంటే అది పైన పట్టిన మురికి కాదు, అడుగున ఉన్న ఉక్కు తుప్పు పట్టి రంధ్రం గుండా పైకి పొంగి వచ్చింది.

ఇక యాసిడ్ సంగతి. మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌లో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మా షాపులో పాత క్రోమ్‌ను ఊడగొట్టి కొత్త పోత వేయాలంటే రిమ్మును ఆ ఆమ్లంలోనే ముంచేవాళ్లం. క్రోమ్‌ను కరిగించడానికి వాడే ద్రవాన్ని క్రోమ్ మెరవాలని పోయడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి గ్రహించండి. తుప్పు కూడా అందులో కరుగుతుంది కాబట్టి మొదటి రోజు తళతళలాడుతుంది. కానీ పోత పలచబడి, రంధ్రాల్లో మిగిలిన క్లోరైడు లోపల ఉక్కుకు తుప్పు పట్టిస్తూనే ఉంటుంది. స్పోకుల మీది జింకైతే దాని ముందు నిమిషం కూడా ఆగదు.

అమ్మగారు చెప్పిన చింతపండు ఇత్తడికి అద్భుతమైన మందు. అందులోని ఆమ్లం ఇత్తడి మీది నల్లదనాన్ని కరిగిస్తుంది. కానీ దానితో కలిపే ఉప్పు కూడా క్లోరైడే, కాబట్టి ఉక్కు రిమ్ముకు అది పనికిరాదు. బూడిద క్షారం. అల్యూమినియాన్ని ఆమ్లమూ తింటుంది, క్షారమూ తింటుంది. అందువల్ల హబ్బుకు బూడిద, చాకలి సోడా రెండూ తగలనివ్వకండి.

నలభైచువ్వలు (రాజమహేంద్రవరం)
సెప్టెంబరు 20, రాత్రి 8:05

నికెల్‌తొట్టి గారూ, ఇన్నేళ్లుగా చేతులతో తెలిసిన సంగతికి ఈరోజు కారణం తెలిసింది. ధన్యవాదాలు.

చుక్కల తుప్పు తీయడానికి నేను వంటింటి అల్యూమినియం రేకు కాగితాన్నే వాడతాను, అదే చపాతీలు చుట్టే ఫాయిల్. అరచేతిలో పట్టేంత ముక్క తీసుకొని, వదులుగా నలిపి, నీళ్లలో ముంచి, తుప్పు చుక్క మీద బొటనవేలితో తేలికగా గుండ్రంగా తిప్పుతూ రుద్దాలి. కొన్ని క్షణాల్లో ముదురు గోధుమరంగు ముద్ద ఊరి వస్తుంది. దాన్ని తడిగుడ్డతో తుడిచి చూసి, అవసరమైతే ఫాయిల్ మార్చి మళ్లీ రుద్దాలి. ఫాయిల్ ఆరిపోకుండా మధ్యమధ్యలో నీళ్లు అద్దుకోవాలి.

గేరుపెట్టె (వరంగల్)
సెప్టెంబరు 20, రాత్రి 9:30

ఫాయిల్ కన్నా 0000 నంబరు స్టీల్ ఊలు, దానికి కాస్త నూనె అద్ది రుద్దితే త్వరగా పోతుందని విన్నాను. గిన్నెలు తోమే స్టీల్ పీచు కూడా అలాంటిదే కదా? ఏది మేలు?

నికెల్‌తొట్టి (హైదరాబాద్, బాలానగర్)
సెప్టెంబరు 21, ఉదయం 6:40

ఈ రెండింటికీ చాలా తేడా ఉంది గేరుపెట్టె గారూ. గిన్నెలు తోమే పీచు ముతక తీగ, అది తప్పకుండా గీతలు పెడుతుంది. 0000 ఊలు అతి సన్ననిది, నూనెతో తేలికగా వాడేవాళ్లు ఉన్నారు. కానీ అందులోంచి రాలే ఉక్కు నలకలు నిప్పిళ్ల సందుల్లో చిక్కుకుంటే, వాటంతటవే తుప్పు పట్టి కొత్త మరకలు తెస్తాయి. నేను ఫాయిల్ వైపే మొగ్గుతాను. క్రోమ్ ఎంత కఠినమైనదంటే అల్యూమినియం దాని మీద గీత పెట్టలేదు, తుప్పును మాత్రం తీసుకుపోగలదు.

అయితే ఇద్దరికీ ఒక హెచ్చరిక. పోత పొరలుగా లేచి, దాని అంచు గోటికి తగులుతున్న చోట ఏదీ రుద్దకూడదు. రుద్దిన కొద్దీ ఆ అంచు ఇంకా లేచిపోతుంది. అలాంటి చోట తుప్పును మెత్తగా తుడిచి, మైనం పట్టించి వదిలేయాలి. అంతకు మించి కావాలంటే చక్రం విప్పి మళ్లీ పోత వేయించడమే మార్గం.

ఉప్పుగాలి (విశాఖపట్నం)
సెప్టెంబరు 21, ఉదయం 10:10

మాది సముద్రానికి కిలోమీటరు లోపే ఉన్న ఇల్లు. ఇక్కడ తుప్పు తీయడం ఒక పనైతే, మళ్లీ రాకుండా చూసుకోవడం అంతకు రెండింతల పని. రాత్రి బయట ఉంచిన బండి రిమ్మును తెల్లవారి వేలితో తుడిచి నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంటుంది. అందుకని వారానికి ఒకసారి మంచినీళ్లతో కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడిచేస్తాను. ఉప్పు ఉన్నచోట పాలీషు పట్టిస్తే ఉప్పును కిందే మూసిపెట్టినట్టు అవుతుంది.

పాలీషు తర్వాత మైనం తప్పనిసరి. పాలీషు శుభ్రం చేస్తుంది, మైనం కాపాడుతుంది, ఈ రెంటి పనులూ వేరు. కార్లకు వాడే కార్నౌబా మైనాన్ని పలచగా, ముఖ్యంగా నిప్పిల్ చుట్టూ, చెవిలో వాడే దూది పుల్లతో పట్టించి, పొగమంచులా ఆరాక మెత్తని గుడ్డతో తుడుస్తాను. నీళ్లు పోసినప్పుడు ముత్యాల్లా జారిపోతే మైనం ఇంకా ఉన్నట్టు, పరుచుకుపోతే మళ్లీ పట్టించాల్సిన రోజు వచ్చినట్టు.

బోరు నీళ్లతో కడిగేవారికి ఇంకో మాట. నీళ్లు వాటంతటవే ఆరితే అందులోని సున్నం తెల్లని వలయాలుగా మిగిలిపోతుంది. ఎండలో కడిగితే గుడ్డ అందుకునేలోపే ఆ వలయాలు పడిపోతాయి. క్రోమ్ మీద వాటిని పోగొట్టాలంటే వెనిగర్‌లో సగానికి సగం నీళ్లు కలిపి గుడ్డతో తుడిచి, నిమిషంలోపే కడిగేయాలి.

మట్టిబాట (నిజామాబాద్)
సెప్టెంబరు 21, మధ్యాహ్నం 3:20

ఇక్కడ అందరూ మెరుపు గురించి రాస్తున్నారు, నేను వేళ్ల గురించి రాయాలి. మా చిన్నాన్న పదేళ్ల క్రితం వెనక చక్రాన్ని సులువుగా తుడవాలని బండిని సెంటర్ స్టాండు మీద ఎక్కించి, ఇంజను ఆన్ చేసి, మొదటి గేరులో వేసి, తిరుగుతున్న చక్రానికి గుడ్డ పట్టుకున్నారు. గుడ్డ కొస చైన్‌కీ పళ్ల చక్రానికీ మధ్య చిక్కింది. వదిలేయడానికి కూడా సమయం దొరకలేదు. చూపుడు వేలు మొదటి కణుపు దాకా తెగిపోయింది. ఆయన 30 ఏళ్లు బండి నడిపిన మనిషి, అజాగ్రత్త మనిషి కాదు. నేను ఇప్పుడు చక్రం తుడిచేటప్పుడు తాళంచెవి తీసి జేబులో వేసుకుంటాను, గేరు న్యూట్రల్‌లో ఉంచి చక్రాన్ని చేత్తోనే తిప్పుకుంటాను. మా పిల్లలకూ అదే నేర్పాను. ఎంత తొందర ఉన్నా ఈ పద్ధతి తప్పకండి.

నా బండికి నల్లని అల్లాయ్ చక్రాలు, ముందు డిస్కు బ్రేకు ఉన్నాయి. పై సలహాలు వాటికీ వర్తిస్తాయా?

నికెల్‌తొట్టి (హైదరాబాద్, బాలానగర్)
సెప్టెంబరు 21, సాయంత్రం 6:00

మట్టిబాట గారూ, మీరు రాసింది ఈ చర్చలో అందరూ ముందు చదవాల్సిన సంగతి.

అల్లాయ్ చక్రాలకు పై సలహాలు చాలావరకు వర్తించవు. వాటి మీద ఉండేది రంగు, కొన్నింటికి దాని పైన పారదర్శకమైన లక్క పొర. ఫాయిల్ కానీ లోహపు పాలీషు కానీ పెడితే ఆ పొర గరుకై మసకబారుతుంది. షాంపూ నీళ్లు, మెత్తని స్పాంజి, చివర మైనం, అంతే. ముందు చక్రం మీద పట్టే నల్లని పొడి బ్రేకు ప్యాడ్లు, డిస్కు అరిగి రాలినది. ఎక్కువకాలం వదిలేస్తే రంగులోకి కొరుక్కుపోతుంది కాబట్టి వారం వారం కడిగేయడం మంచిది.

మీ చక్రం మీద లక్క ఉందో, ఒట్టి అల్యూమినియమో తెలియకపోతే, ఎవరికీ కనిపించని మూల చూసుకొని, తెల్లని గుడ్డకు బఠాణీ గింజంత లోహపు పాలీషు అద్ది రుద్ది చూడండి. గుడ్డ నల్లబడితే అది ఒట్టి లోహం. గుడ్డ తెల్లగానే ఉంటే లక్క ఉన్నట్టు, చక్రం రంగు అంటుకుంటే పైన ఒట్టి రంగే ఉన్నట్టు. ఈ రెండింటిలో ఏదైనా అక్కడే ఆపేయండి. రిమ్ము ఉక్కుదో కాదో తెలియాలంటే అయస్కాంతం పెట్టి చూస్తే సరిపోతుంది.

డిస్కు మీద పాలీషు, మైనం, డబ్ల్యూడీ-40 లాంటి నూనె స్ప్రే, చైన్ నూనె, ఏ ఒక్కటీ పడకూడదు. డిస్కును, ప్యాడ్లను ముందే ప్లాస్టిక్ సంచితో కప్పుకోండి. పొరపాటున డిస్కు మీద పడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ప్యాడ్లు నూనె పీల్చుకుంటే మార్చడమే క్షేమం. అలాగే టైర్లు నల్లగా నిగనిగలాడాలని పూసే సిలికాన్ ద్రవాన్ని రోడ్డును తాకే భాగానికి రాయకండి. బండి వంపు తిరిగేటప్పుడు టైరు అంచుల మీదే ఆనుతుంది, అక్కడ జారితే నిలబడటానికి ఇంకో చక్రం లేదు.

చలిదేశం (లెస్టర్, బ్రిటన్)
సెప్టెంబరు 22, తెల్లవారుజామున 2:15

ఉప్పుగాలి గారు రాసింది చదివి మా చలికాలం గుర్తొచ్చింది. ఇక్కడ రోడ్లు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు, అది చక్రాల మీద చిమ్ముతుంది. అప్పుడు వేడినీళ్లు పోయకుండా చన్నీళ్లతోనే కడగమని ఇక్కడివాళ్లు చెబుతారు, వెచ్చదనం ఉప్పు రసాయనిక చర్యను వేగం చేస్తుంది కనుక. కడిగి ఆరబెట్టాక, నవంబరు రాకముందే ఏసీఎఫ్-50 అనే తుప్పు నిరోధక నూనెను గుడ్డతో స్పోకులకు, నిప్పిళ్లకు పలచగా పట్టిస్తాం. సీసాతో నేరుగా చల్లితే బ్రేకుల మీద పడే ప్రమాదం ఉంది.

కృష్ణాతీరం (విజయవాడ)
సెప్టెంబరు 28, రాత్రి 8:50

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న, ఇవాళ కలిపి దాదాపు తొమ్మిది గంటలు చక్రాల దగ్గరే కూర్చున్నాను.

ముందు రిమ్ము నేను ఆశించిన దానికన్నా బాగా వచ్చింది. ఫాయిల్ కింద ఆ గోధుమరంగు ముద్ద ఊరడం, తడిగుడ్డతో తుడవగానే దాని అడుగున నా వేళ్ల నీడ కనిపించడం చూసి చాలా ఆనందపడ్డాను. దగ్గరగా చూస్తే చుక్కలున్న చోట సూది మొనంత గుంటలు మిగిలాయి. వాటిలోకి దూది పుల్లతో మైనం దింపాను. హబ్బు మీది తెల్లపొడి పళ్ల బ్రష్షుతో, షాంపూ నీళ్లతో చాలావరకు పోయింది. ఆ తర్వాత ఆటోసాల్ పాలీషును కొద్దికొద్దిగా పెట్టి రుద్దితే గుడ్డ బొగ్గులా నల్లబడింది. అది ఒట్టి లోహమని అప్పుడు నమ్మకం కుదిరింది. అమ్మ నా పక్కనే పీట వేసుకొని కూర్చొని స్పోకులు తుడిచింది, బనియను గుడ్డ లాగడంలో నాకన్నా ఆమె చేయే వేగం.

వెనక చక్రం దగ్గర మాత్రం ఒక సమస్య బయటపడింది. నలభైచువ్వలు గారు చెప్పినట్టు స్పానరుతో తడుతూ పోతే, చైన్ వైపు వరసగా మూడు స్పోకులు మొద్దుగా పలికాయి. వాటిలో ఒకదాని నిప్పిల్ తుప్పుతో రిమ్ముకు అతుక్కుపోయింది. అక్కడే రిమ్ము అంచున పోత గోటికి తగులుతోంది కూడా. దాన్ని రుద్దకుండా వదిలేశాను. ఇప్పుడు ఏం చేయమంటారు?

నలభైచువ్వలు (రాజమహేంద్రవరం)
సెప్టెంబరు 28, రాత్రి 10:00

ఆ నిప్పిల్‌ను మీరు బలవంతంగా తిప్పకండి, స్పోకు మెడ దగ్గర తెగుతుంది. ఈ రాత్రి నిప్పిల్ మొదట్లో ఒక్క చుక్క తుప్పు వదిలించే నూనె దింపి, డ్రమ్ము వైపు జారకుండా కింద గుడ్డ చుట్టి ఉంచండి. రేపు ఆటోనగర్‌లో స్పోకు పని తెలిసిన మేస్త్రీ దగ్గరకు తీసుకెళ్లండి. వరసగా మూడు వదులైతే ఆ మూడింటినే బిగించకూడదు, చక్రాన్ని స్టాండు మీద పెట్టి మొత్తం బెండు చూడాలి.

టైరు ఎలాగూ విప్పుతారు కాబట్టి రిమ్ము లోపలి వైపు మీ కళ్లతో చూడండి. బయట ఆవగింజంత కనిపించిన చోట లోపల రూపాయి బిళ్లంత తుప్పు ఉండటం నాకు మామూలుగా ఎదురయ్యేదే, నిప్పిల్ రంధ్రాల గుండా దిగిన నీళ్లు అక్కడే నిలుస్తాయి. లోపలి వైపు క్రోమ్ మెరుపు గురించి ఆలోచించక్కర్లేదు. వైరు బ్రష్షుతో పొరలు రాల్చి, జింకు ప్రైమరు ఒక పూత వేసి, పూర్తిగా ఆరనిచ్చి, కొత్త రిమ్ టేపు వేయించండి. పాత టేపు చివికితే నిప్పిల్ మొనలు ట్యూబును పొడుస్తాయి. చేత్తో తడిమినప్పుడు ఎక్కడైనా రిమ్ము రేకు పలచబడి లొత్త పడినట్టు అనిపిస్తే మాత్రం ఆ రిమ్ము వాడకండి, పోత వేయించినా దానికి బలం రాదు.

కృష్ణాతీరం (విజయవాడ)
సెప్టెంబరు 30, సాయంత్రం 7:30

నిన్న చక్రం విప్పించాను. లోపల మీరన్నట్టే నాలుగు చోట్ల రూపాయి బిళ్లంత తుప్పు ఉంది కానీ రేకు గట్టిగానే ఉందని మేస్త్రీ సుత్తి పిడితో తట్టి చూపించారు. అతుక్కున్న నిప్పిల్ కదిలింది, మూడు స్పోకులూ మార్చి బెండు తీశారు. ప్రైమరు, కొత్త టేపు, కొత్త ట్యూబు పడ్డాయి. ఇవాళ పొద్దున్న పటమట దాకా వెళ్లి వచ్చాను, హ్యాండిలు వణుకు పోయింది. ఆ వణుకు ఇంజనుదే అని ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఒక చిన్న సందేహం మిగిలింది. పూజలో రిమ్ములకు పసుపు, కుంకుమ పెడతాం, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం. వాటి మరకలు కొత్త మైనాన్ని పాడు చేస్తాయా?

ఉప్పుగాలి (విశాఖపట్నం)
సెప్టెంబరు 30, రాత్రి 9:05

నిశ్చింతగా పూజ చేసుకోండి. బొట్లు మడ్‌గార్డుకు, ట్యాంకుకు పెట్టి, రిమ్ముకు చిన్నది ఒకటి చాలు. మైనం ఉన్న చోట పసుపు లోపలికి ఇంకదు, ఒకవేళ లేత మరక మిగిలినా ఎండకు వెలిసిపోతుంది. నిమ్మరసం, కొబ్బరినీళ్లు మాత్రం రాత్రంతా వదలకండి. ఆ సాయంత్రమే ఒక చెంబు మంచినీళ్లు పోసి తుడిచేయండి. నిప్పిళ్ల మధ్య చిక్కుకున్న బంతిపూల రేకులు కూడా ఏరేయండి, తడి పువ్వు కింద తేమ రోజుల తరబడి నిలుస్తుంది.